ఫైలు పేరుకు తోక కనబడాలంటే

ప్రశ్న: జెరాక్స్ షాపులో ప్రింటు తీయించుకొచ్చాక పెన్‌డ్రైవ్‌లోని 'ఫోటోలు' ఫోల్డర్ నొక్కితే తెరుచుకోవట్లేదు. తెలిసినాయన చూసి, "అది ఫోల్డర్ కాకపోవచ్చు, ఎక్స్‌టెన్షన్ చూడండి" అన్నారు. నాకు ఉత్త పేరే కనబడుతోంది. మాది విండోస్ 10.
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: ఫైలు పేరులో చివరి చుక్క తర్వాత వచ్చే అక్షరాలే ఎక్స్‌టెన్షన్. ఏ ఫైలును ఏ ప్రోగ్రాంతో తెరవాలో విండోస్ దాన్ని చూసే తేల్చుకుంటుంది. కానీ తనకు తెలిసిన రకాలైతే మనకు చూపించదు.

విండోస్ గుర్తున్న కీ, ఇంగ్లిష్ 'ఈ' కలిపి నొక్కండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ వస్తుంది. పైన 'వ్యూ' నొక్కి, 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' గడిలో టిక్ పెట్టండి. విండోస్ 11లో అయితే 'వ్యూ', అందులో 'షో', అందులో ఇదే మాట. ఇంకా విండోస్ 7 వాడేవాళ్లు 'ఆర్గనైజ్' కింద 'ఫోల్డర్ అండ్ సెర్చ్ ఆప్షన్స్' తెరిచి, 'వ్యూ'లో 'హైడ్ ఎక్స్‌టెన్షన్స్ ఫర్ నోన్ ఫైల్ టైప్స్' దగ్గరున్న టిక్ తీసేయాలి. అక్కడ టిక్ పెడితే కనబడేది, ఇక్కడ తీస్తే కనబడుతుంది. చాలామంది తికమకపడేది ఇక్కడే. ఒకసారి చేస్తే అన్ని ఫోల్డర్లకూ వర్తిస్తుంది. పిల్లలకు వేరే లాగిన్ ఉంటే మాత్రం అందులోనూ చేయాలి.

ఇప్పుడు మీ 'ఫోటోలు' చివర ఈఎక్స్‌ఈ అని కనబడితే అది ప్రోగ్రాం. పసుపుపచ్చ ఫోల్డర్ బొమ్మ దాన్ని తయారుచేసినవాడు తగిలించిందే. ఏ తోకా లేదంటే వెంటనే నమ్మేయకండి: షార్ట్‌కట్ ఫైళ్ల (వేరేచోట ఉన్నదాన్ని తెరిచే దారిగుర్తుల) ఎల్‌ఎన్‌కే తోకను విండోస్ ఈ టిక్ పెట్టినా చూపించదు. 'వ్యూ'లో 'డీటెయిల్స్' పెట్టి 'టైప్' వరస చూడండి. నిజమైన ఫోల్డరైతే 'ఫైల్ ఫోల్డర్' అనే ఉంటుంది. 'అప్లికేషన్' అనో 'షార్ట్‌కట్' అనో ఉంటే అది వైరస్ కావచ్చు, మళ్లీ నొక్కొద్దు.

ఇప్పటికే ఒకసారి నొక్కారు కాబట్టి ముందు విండోస్ సెక్యూరిటీలో 'ఫుల్ స్కాన్' చేయండి, పెన్‌డ్రైవ్‌నూ స్కాన్ చేయండి. ఇలాంటి వైరస్‌లు చాలావరకు అసలు ఫోల్డర్‌ను చెరపవు, దాచేస్తాయి. 'వ్యూ'లో 'హిడెన్ ఐటమ్స్' టిక్ పెట్టండి. అప్పటికీ రాకపోతే 'ఆప్షన్స్'లోకి వెళ్లి, 'వ్యూ'లో 'హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' టిక్ తీయండి. హెచ్చరిక వస్తే 'యెస్' అనండి. ఫోటోలు మాత్రమే కంప్యూటర్లోకి కాపీ చేసుకుని, పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసి, ఆ టిక్ తప్పకుండా మళ్లీ పెట్టేయండి. ఈ ఎత్తు పాతదే. 2000 మేలో లోకాన్ని కుదిపేసిన 'ఐ లవ్ యూ' వైరస్ కూడా పేరు మధ్యలో టీఎక్స్‌టీ (మామూలు రాత ఫైలు తోక), చివర వీబీఎస్ (ప్రోగ్రాం తోక) పెట్టుకుని ఉత్తరంలా వచ్చింది.

ప్రశ్న: దరఖాస్తుకు జేపీజీ ఫోటో అడిగారు. ఐఫోన్ ఫోటో చివర హెచ్ఈఐసీ ఉంటే దాన్ని చెరిపి జేపీజీ అని రాశాను. అయినా తీసుకోవట్లేదు.
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: డబ్బా మీద చీటీ మార్చినంత మాత్రాన లోపలి కిరోసిన్ శనగనూనె అయిపోదు కదా. పాత పేరే మళ్లీ పెట్టండి. ఆ ఫైలు పెయింట్‌లో తెరుచుకుంటే, 'ఫైల్', 'సేవ్ యాజ్', 'జేపీఈజీ పిక్చర్' నొక్కితే నిజంగా మారుతుంది. ఇకపై తీసే ఫోటోలకైతే ఐఫోన్ సెట్టింగ్స్‌లో 'కెమెరా', 'ఫార్మాట్స్', 'మోస్ట్ కంపాటిబుల్' పెట్టుకోండి. నెట్ నుంచి దించుకున్న ఫోటోలకు ఒక్కోసారి జేఎఫ్ఐఎఫ్ అని వస్తుంది. అది లోపల జేపీఈజీయే, దానికి మాత్రం పేరు మారిస్తే చాలు.

ప్రశ్న: డీటీపీ సెంటర్ వాళ్లిచ్చిన పెళ్లిపత్రిక ఫైలు ఇంట్లో తెరుచుకోదు. చివర పీఎండీ అని ఉంది.
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: అది పేజ్‌మేకర్ ఫైలు. ఆ సాఫ్ట్‌వేర్, వాళ్లు వాడిన తెలుగు ఫాంట్లు రెండూ ఉంటేనే సరిగ్గా కనబడుతుంది. పీడీఎఫ్ చేసిమ్మని అడగండి.