ఏడో తరగతికే లెక్కల ట్యూషన్ కావాలా? ముందు నాలుగు లెక్కలు ఇచ్చి చూడండి

మీ బాబు కర్నూల్లో ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతి, లెక్కల్లో 50కి 19 వచ్చాయి, కాలనీలో పిల్లలంతా సాయంత్రం ట్యూషన్‌కు పోతున్నారు, మేమూ పంపాలా అని అడిగారు. నేను కడపలో ఎర్రముక్కపల్లె పక్క ఇంట్లోనే లెక్కల ట్యూషన్ చెప్తాను. పంపండి అంటేనే నాకు లాభం. అయినా ఉన్న మాట చెప్తున్నా, నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామందికి ట్యూషన్ అక్కర్లేదు. సాయంత్రం ఒక గంట ఫోన్ పక్కన పెట్టించి కూర్చోబెట్టే మనిషి ఉంటే చాలు. అమ్మానాన్న ఇద్దరూ పనికి పోయే ఇళ్లలో ఆ మనిషి దొరకక ట్యూషన్‌కు పంపుతారు. అందులో తప్పేం లేదు. కానీ దాంతోనే లెక్కలు వచ్చేస్తాయని ఆశపడి, రాకపోతే పిల్లోణ్ణి తిడతారు చూడండి, అదే బాధ.

19 మార్కులు రెండు రకాలుగా వస్తాయి. ఇప్పుడు నడుస్తున్న పాఠం ఎక్కక రావచ్చు. లేదా నాలుగో క్లాసులోనో ఐదులోనో ఎక్కడో తెగిపోయి, అప్పటి నుంచి నెట్టుకొస్తూ ఉండొచ్చు. మార్కులు చూస్తే తేడా తెలీదు, నోటుబుక్కు చూస్తే తెలుస్తుంది.

ఎనిమిదో క్లాసు అమ్మాయి ఒకతి సమీకరణాలు రావట్లేదని నా దగ్గరికి వచ్చింది. నోటుబుక్కు తీసి చూస్తే సమీకరణాలు బాగానే వచ్చు. అటువి ఇటు తెచ్చేటప్పుడు గుర్తులు కూడా సరిగ్గా మారుస్తోంది. జవాబు మాత్రం ప్రతిసారీ తప్పు, స్కూల్లో చివరి లైను మీద ఎర్ర ఇంటూ. లైను లైను చదువుతూ పోతే ఒకచోట −3 − 5 కు 8 అని రాసింది. ఎందుకమ్మా అంటే, "మైనస్ మైనస్ ప్లస్ కదా మేడమ్" అంది. గుణకారానికి చెప్పిన సూత్రం తెచ్చి కూడికలో పెట్టేసింది. రెండేళ్లుగా అట్లాగే చేస్తోంది. క్లాసులో యాభై మంది ఉంటే ఏ టీచరూ ప్రతి లైనూ చదవలేరు, వాళ్లను అనడానికేం లేదు. "అంగట్లో మూడు రూపాయలు బాకీ ఉన్నావు, ఇంకో ఐదు రూపాయలవి అప్పుకు తెచ్చుకున్నావు. ఇప్పుడు నీ చేతిలో ఎనిమిది రూపాయలు ఉన్నట్టా?" అన్నా. నవ్వేసింది. కొన్నాళ్లు పూర్ణ సంఖ్యలు మాత్రమే చేయించి, ఇక రావద్దులే అని నేనే పంపించేశాను. వాళ్ల నాన్నకు అది అర్థం కాలేదు, పదో తరగతి దాకా ఉంచండి మేడమ్ అన్నాడు.

కాబట్టి ఈ ఆదివారం మీ వాడికి తెల్ల కాగితం మీద ఈ నాలుగూ ఇవ్వండి: 824 ÷ 8, 1/2 + 1/3, −3 − 5, 0.5 × 0.5. పక్కన కూర్చోండి గానీ దిద్దొద్దు, మొహం చిట్లించొద్దు. జవాబులు 103, 5/6, −8, 0.25.

మొదటిదానికి 13 అని రాస్తే భాగహారంలో సున్న పెట్టే చోటు తెలీదన్నమాట. 8ని ఒకసారి భాగించి, 2 దించుకుని, అది చాలదు కాబట్టి వెంటనే 4 కూడా దించేస్తారు, పైన సున్న పెట్టరు. అది ప్రైమరీలోనే వదిలేసిన ముక్క. రెండోదానికి 2/5 అంటే పైవి పైవి, కిందవి కిందవి కూడేశాడు. భిన్నం అంటే ఏమిటో తెలీకుండా క.సా.గు. వరకూ వచ్చేశాడని అర్థం. అర కంటే 2/5 తక్కువ కదా, అరకు ఇంకొంత కలిపితే తగ్గిందేంటి అని అడగండి. ఆలోచనలో పడ్డాడంటే వస్తుంది, త్వరగానే వస్తుంది. నాలుగోదానికి 2.5 అన్నా ఇదే కథ.

ఇవి తప్పు చేస్తే మీ వాడు మొద్దని కాదు. అసర్ సర్వే వాళ్లు పల్లెల్లో ఇంటింటికీ పోయి పిల్లలకు లెక్కలిస్తారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమనేది అందులో పెద్ద లెక్క. 2024లో దేశం మొత్తం మీద ఐదో తరగతి పిల్లల్లో అది చేయగలిగినవాళ్లు మూడో వంతు కంటే తక్కువే. ప్రైవేటు స్కూలు పిల్లలూ అందులో ఉన్నారు.

నాలుగూ సరిగ్గా చేశాడంటే ట్యూషన్ డబ్బులు దాచుకోండి. స్కూల్లో చేసిన లెక్కనే మర్నాడు పుస్తకం మూసి మళ్లీ చేయించండి, చేస్తూ బయటికి చెప్పమనండి. మీకు లెక్కలు రాకపోయినా ఫర్వాలేదు, ఎక్కడ నీళ్లు నములుతాడో వినేవాళ్లకు తెలిసిపోతుంది. రెండు మూడు తప్పు చేస్తే మాత్రం పంపండి. కానీ ట్యూషన్ మేడమ్‌నో సారునో ముందే ఒకటి అడగండి: "ఎక్కడి నుంచి మొదలుపెడతారు?" స్కూల్లో ఏ పాఠం నడుస్తుంటే అదే చెప్తాం అంటే మీ వాడికి ఉపయోగం లేదు. స్కూల్లో ఎక్కనిది అదే వేగంతో సాయంత్రం మళ్లీ చెప్పినా ఎక్కదు. ఐదో క్లాసు భాగహారం దగ్గరికి దిగొచ్చే వాళ్లు కావాలి.

మా అక్క వాళ్లు కర్నూలు వెంకటరమణ కాలనీలో ఉంటారు. వాళ్ల పెద్దోణ్ణి ఒక ట్యూషన్‌లో వేశారు, నోటుబుక్కు నిండా టిక్కులే. నేను పోయినప్పుడు చూస్తే హోంవర్క్ అంతా గైడు చూసి రాయిస్తున్నారు. పరీక్షలో మాత్రం పాత మార్కులే. అక్కకు ఆ టిక్కులే ధైర్యం.

స్కూల్లో స్టడీ అవర్ ఐదున్నర దాకా అన్నారు కాబట్టి ఇంకో మాట. దాని తర్వాత ఆరు నుంచి ఎనిమిది దాకా ట్యూషన్ అంటే పిల్లోడికి ఏమీ ఎక్కదు. నా దగ్గర అట్లా వచ్చే వాళ్లను ఒక్కోసారి చాప వేసి అరగంట పడుకోబెడతా. వారంలో రెండు మూడు రోజులు, గంట చాలు. పాతవి బాగుచేయాలంటే అసలు ఒంటిపూట బడులు, ఎండాకాలం సెలవులే సరైన టైము. కర్నూలు ఎండల సంగతి మీకు నేను చెప్పాలా, సెలవుల్లో అయితే పొద్దున ఎనిమిదిన్నర లోపల అయిపోయేలా పెట్టుకోండి.

స్కూలు టీచరే మా ఇంటికి ట్యూషన్‌కు పంపండి అంటే మొహమాటపడకండి. విద్యాహక్కు చట్టం 2009లోని 28వ సెక్షన్ ప్రకారం టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు. కేంద్రం 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో 16 ఏళ్ల లోపు పిల్లలను కోచింగ్ సెంటర్లలో చేర్చుకోవద్దని ఉంది. అది 50 మందికి మించిన సెంటర్ల సంగతి, నాలాంటి ఇంటి ట్యూషన్లకు వర్తించదు.

నవోదయ పరీక్షకో, ప్రభుత్వ స్కూలు పిల్లలు ఎనిమిదిలో రాసే ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్షకో తయారు చేయడం వేరే లెక్క. అందులో వచ్చే మెంటల్ ఎబిలిటీ మామూలు క్లాసులో చెప్పరు, కొంత ప్రాక్టీసు కావాల్సిందే.

మా అమ్మాయి సంగతి కూడా అడుగుతారేమో. తొమ్మిదో క్లాసు నుంచి వేరే మేడమ్ దగ్గరికి పోయింది. నేను చెప్తే వినదు, పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా. ఆ మేడమ్ వాళ్ల అబ్బాయి నా దగ్గరికి వస్తాడు.

పదో తరగతి దాకా చూద్దాంలే అని మాత్రం వాయిదా వేయొద్దు. పదిలో లెక్కలు 100 మార్కుల పేపరు, పాసుకు 35. సంక్రాంతి తర్వాత వచ్చి 35 తెప్పించండి అంటే బిట్లు బట్టీ పట్టించడం తప్ప ఎవరూ ఏం చేయలేరు. ఏడో క్లాసులో భిన్నాలు సరిచేయడానికి రెండు నెలలు చాలు.

ట్యూషన్ చూసుకున్నాక మొదటి వారం అయ్యేసరికి నోటుబుక్కు తీసి చూడండి, లోపల పాత క్లాసు లెక్కలు కనిపించాలి. కనిపించకపోతే, ఆ నాలుగు లెక్కల కాగితం తీసుకుపోయి చూపించి, ముందు ఇవి చెప్పండి అని అడగండి. అట్లా కాగితం పట్టుకుని వచ్చే తల్లిదండ్రులు మా దగ్గర తక్కువే. వస్తే నేనైతే సంతోషిస్తా.