అమెరికా వెళ్లడానికి ఎఫ్‌డీ తెంపాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. నేను టీచర్‌గా రిటైరయ్యాను. మా వారికి షుగర్, బీపీ ఉన్నాయి. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి మొదటిసారి వెళ్తున్నాం, ఐదు నెలలు ఉంటాం. చేతి నిండా డాలర్లు లేకపోతే ఇబ్బంది పడతారని చుట్టాలు అంటున్నారు. 6 లక్షల ఎఫ్‌డీ తెంపి డాలర్లు చేయించుకోమంటారా?

జవాబు: వద్దండి, ఎఫ్‌డీ జోలికి పోకండి. వడ్డీ తగ్గుతుంది, పైగా పెనాల్టీ పడొచ్చు. మీరు ఉండేది కొడుకు ఇంట్లోనే కదా. అసలు నోట్ల రూపంలో మనిషికి 3,000 డాలర్లకు మించి ఇవ్వరు. మీకు అంత కూడా అక్కర్లేదు. ఇద్దరికీ కలిపి 500 డాలర్లు చిన్న నోట్లలో ఉంటే చాలు. అవి శంషాబాద్ ఎయిర్‌పోర్టులో తీసుకుందామని ఆగకండి, అక్కడ రేటు గిట్టదు. పాస్‌పోర్టు, వీసా, టికెట్ పట్టుకొని పది రోజుల ముందే మీ బ్యాంకును అడగండి. రసీదు దాచుకోండి.

ఇంకో వెయ్యి డాలర్లు ఫారెక్స్ కార్డులో, అంటే ముందే డాలర్లు నింపుకొని వాడుకునే కార్డులో, వేసుకోండి. మామూలు డెబిట్ కార్డు గీస్తే మార్పిడి చార్జీ చాలా బ్యాంకుల్లో 2 నుంచి 3.5 శాతం దాకా ఉంటుంది, దాని మీద జీఎస్టీ. అందుకే అది అత్యవసరానికి మాత్రమే. విదేశీ వాడకం ముందే యాప్‌లో ఆన్ చేసుకోండి. అక్కడ కార్డు గీసే మిషన్ రూపాయలా, డాలర్లా అని అడిగితే డాలర్లే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్లు పెట్టిన రేటుకు ఒప్పుకున్నట్టే. టీసీఎస్, అంటే విదేశీ ఖర్చుకు డబ్బు మార్చుకునేటప్పుడు బ్యాంకు ముందే పట్టుకునే పన్ను, దాని టెన్షన్ వద్దు, ఏడాదికి 10 లక్షలు దాటితేనే అది.

మీ ఉత్తరంలో ఇన్సూరెన్స్ మాటే లేదు. నాకు భయం అక్కడే. అమెరికాలో ఒక్క రాత్రి ఆసుపత్రిలో ఉన్నా బిల్లు వేల డాలర్లలో వస్తుంది. నాలుగు రోజులు ఉండాల్సి వస్తే మీ 6 లక్షలు ఏ మూలకూ రావు. టికెట్‌తో పాటు వెబ్‌సైట్ అంటగట్టే చవక పాలసీ చూసి సరిపెట్టుకోకండి. మీ వారి షుగర్, బీపీ ఫారంలో దాచకుండా రాయండి. దాస్తే క్లెయిమ్ వచ్చినప్పుడు కొట్టేస్తారు. చాలా పాలసీలు పాత జబ్బులకు అసలు ఇవ్వవు, లేదా హఠాత్తుగా ప్రాణం మీదికి వస్తేనే ఇస్తాయి. ఆ ఒక్క షరతు ఎలా ఉందో చదివాకే డబ్బు కట్టండి. కవర్ మనిషికి లక్ష డాలర్లకు తగ్గొద్దు. గది అద్దెకు, ఆపరేషన్‌కు విడివిడిగా పరిమితులు పెట్టిన పాలసీ వద్దు. అక్కడి కంపెనీల ప్లాన్లు కూడా మీ అబ్బాయిని చూడమనండి. ప్రీమియం ఎక్కువనిపిస్తుంది, అయినా ఖర్చు పెట్టాల్సింది దీని మీదే.

మందులు డాక్టర్ చీటీతో, షీట్లు విప్పకుండా, మూడు నెలలకు సరిపడా తీసుకెళ్లండి. మిగతా రెండు నెలల సంగతి అబ్బాయితో ముందే మాట్లాడండి. చికెన్ పచ్చడి పెట్టుకోకండి, మాంసం వస్తువులు అక్కడ కస్టమ్స్ వాళ్లు తీసేసుకుంటారు. మామిడికాయ పచ్చడికి ఫర్వాలేదు.

బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ ఇంట్లో వదిలి పోకండి. ఓటీపీలు రావాలంటే రోమింగ్ ఆన్‌లో ఉండాలి, రీచార్జ్ ఐదు నెలలూ నడవాలి. మీ పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ గడువు ఆ నెలల్లో పడుతుందేమో చూసుకోండి. కరెంటు బిల్లు, ఎల్‌ఐసీ ప్రీమియం ఆటో డెబిట్‌లో పెట్టండి. బంగారం లాకర్‌లో పెట్టండి. పెళ్లికో పేరంటానికో ఖరీదైన నగలు తీసుకెళ్లాల్సి వస్తే, వెళ్లేటప్పుడే శంషాబాద్ కస్టమ్స్‌లో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి, తిరిగొచ్చేటప్పుడు సుంకం గొడవ ఉండదు.

వచ్చాక డాలర్లు మిగిలితే 2,000 వరకు నోట్లు మీ దగ్గరే ఉంచుకోవచ్చు. అంతకు మించినవి 180 రోజుల్లో మార్చేయాలి.