సగం చేసిన ఆర్కేడ్ క్యాబినెట్ కోసం పర్సనల్ లోన్ తీసుకోవాలా?

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. ప్రైవేటు ఉద్యోగం. ఇంట్లో సంపాదన నా ఒక్కడిదే. భార్య, ఐదేళ్ల బాబు, అమ్మ ఉన్నారు. పాత వీడియో గేములంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి. ఇద్దరు ఆడుకునేలా ఇంట్లోనే ఒక ఆర్కేడ్ క్యాబినెట్, అంటే తెర, జాయ్‌స్టిక్‌లు బిగించిన నిలువెత్తు గేము పెట్టె, తయారుచేయడం మొదలుపెట్టాను. రెండు పక్క చెక్కలు కోశాను. జాయ్‌స్టిక్‌లు, బటన్లు, ఒక రాస్ప్‌బెర్రీ పై బోర్డు (చిన్న కంప్యూటర్), కొన్ని పనిముట్లు క్రెడిట్ కార్డు మీద కొన్నాను. నెలకు చేతికొచ్చే జీతం 100 అనుకుంటే ఇంటి ఖర్చు 70, బండి వాయిదా 12. కార్డు బాకీ 60 ఉంది, దాని మీద వడ్డీ నెలకు 3 శాతం. ప్రస్తుతం మినిమమ్ డ్యూ, అంటే 5 శాతం కడుతున్నాను. స్క్రీన్, స్పీకర్లు, మిగతా చెక్క, పెయింటు కలిపి ఇంకో 80 కావాలి. బ్యాంకు డిపాజిట్‌లో 175 ఉంది, అంటే రెండున్నర నెలల ఖర్చు. దాన్ని తీయాలా, లేక పర్సనల్ లోన్ తీసుకోవాలా? ఇది పూర్తయ్యాక ఇంకో రెండు చేసి అమ్మితే అప్పు తీరిపోతుందని ఒక స్నేహితుడు అంటున్నాడు. స్క్రీన్ ఖర్చు తగ్గించడానికి పాత ట్యూబ్ టీవీ విప్పి వాడమంటున్నాడు.

జవాబు: డిపాజిట్ తీయొద్దు, లోన్ అసలే వద్దు. మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం క్యాబినెట్ కాదు. "ఇప్పటికే సగం పెట్టేశాను, మిగతా సగం ఎలాగోలా తెచ్చి పూర్తిచేస్తే పోతుంది" అనే ఆలోచన ఇందులో ఉంది. ఇల్లు కట్టేవాళ్లలో, చిన్న వ్యాపారం పెట్టేవాళ్లలో, ఇలా సరదా కోసం ఏదో తయారుచేసుకునేవాళ్లలో ఇదే తప్పు మళ్లీమళ్లీ కనిపిస్తుంది. పెట్టిన 60 ఎలాగూ ఖర్చయిపోయింది. ఇక చూడాల్సింది తర్వాత పెట్టే 80 గురించే. ఆ 80 కోసం మీ కుటుంబం దేన్ని పణంగా పెడుతోందో చూడండి.

మొదట మీ "రెండున్నర నెలల" లెక్క సరిచేద్దాం. 175ను 70తో భాగించి ఆ మాట రాశారు. ఉద్యోగం పోయిన నెలలో బండి వాయిదా ఆగుతుందా? కార్డు కంపెనీ ఊరుకుంటుందా? ఇంటి ఖర్చు 70, బండికి 12, కార్డు కనీస చెల్లింపు 3 కలిపితే నెలకు తప్పనిసరిగా 85 కావాలి. ఆ లెక్కన 175 మీకు రెండు నెలలకు కాస్త పైగా మాత్రమే వస్తుంది. ఇప్పుడు 80కి రెండేళ్ల పర్సనల్ లోన్ తీసుకున్నారనుకోండి, వాయిదా ఇంచుమించు 4 ఉంటుంది. నెల అవసరం 89కి పెరుగుతుంది. డిపాజిట్‌ను ముట్టుకోకపోయినా రెండు నెలలు కూడా నిండని స్థితికి వస్తారు. కొత్త అప్పు ప్రతిదీ అత్యవసర నిధిని ఇలాగే కుదిస్తుంది. పాస్‌బుక్‌లో అంకె మారదు కాబట్టి చాలామంది దీన్ని గమనించరు.

నలుగురు ఒక్క జీతం మీద బతికే ఇంట్లో రెండు నెలల నిధి సరిపోదు. కనీసం ఆరు నెలలు ఉండాలి. వయసు పైబడిన తల్లి, చిన్న పిల్లవాడు ఉన్న ఇంటికి నేను దీనికంటే తగ్గించి చెప్పను. ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి, ఇంటర్వ్యూలకు తిరగడానికి, దొరికాక మొదటి జీతం చేతికి రావడానికి నెలలు పడుతుంది. డబ్బు రెండు నెలల్లో అయిపోతే మొదట దొరికిన తక్కువ జీతం ఉద్యోగంలో చేరిపోవాల్సి వస్తుంది. ఆ నష్టం ఏళ్ల తరబడి వెంట వస్తుంది.

"అవసరమైతే కార్డు ఉంది కదా" అని మీరు అనుకుంటూ ఉండొచ్చు. నా దగ్గరికొచ్చే వాళ్లలో చాలామంది క్రెడిట్ కార్డు లిమిట్‌నే ఆపద్ధనంగా లెక్కేసుకుంటారు. మీరు ఆ లిమిట్‌ను కూడా బటన్లతో, పనిముట్లతో నింపుతున్నారు. రేపు ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టమంటే డిపాజిట్ చిన్నది, కార్డు నిండిపోయింది, జీతంలో వాయిదాలు పోతున్నాయి. అప్పుడు ఎంత వడ్డీ అడిగినా ఒప్పుకునే పరిస్థితి వస్తుంది. సగం చేసిన క్యాబినెట్‌ను అమ్ముదామంటే కొనేవాళ్లుండరు. మీ ఎత్తుకు, మీ ఇష్టానికి తగ్గట్టు కోసిన చెక్క ఇంకొకరికి పనికిరాదు.

మినిమమ్ డ్యూ గురించి కూడా గట్టిగా చెప్పాలి. లెక్క తేలిక కోసం మీ బాకీని 60 బదులు 100 అనుకుందాం. దాని మీద నెలకు 3 శాతం వడ్డీ పడుతూ, మీరు 5 శాతం చొప్పున కడుతూ పోతే, ఏడాది తిరిగేసరికి దాదాపు 55 కట్టి ఉంటారు, బాకీ ఇంకా 77 దాకా మిగిలే ఉంటుంది. నెలకు 3 శాతం అంటే చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. వినోదానికి ఈ వడ్డీ కట్టడం నాకు ఏ విధంగానూ సమంజసంగా అనిపించదు. పైగా పాత బాకీ పూర్తిగా తీర్చకుండా అదే కార్డుతో కొత్తగా కొంటే, ఆ కొత్త వస్తువు మీద కూడా సాధారణంగా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది.

ఇంకో విషయం. 100లో 70, 12 పోతే మీకు నెలకు 18 మిగలాలి. కార్డుకు కట్టేది 3 మాత్రమే. మిగిలిన 15 ఎటు పోతోందో మీరు రాయలేదు. ఈ పనికి సంబంధించిన చిన్నచిన్న కొనుగోళ్లకే పోతోందని నా అనుమానం. తీగలు, మరలు, రంపం బ్లేడు, ఇంకో సెట్టు బటన్లు... ఒక్కోటి చిన్న మొత్తమే కాబట్టి ఎవరూ రాసుకోరు. ఈ రోజే స్టేట్‌మెంట్ తీసి చూడండి.

ఆ 18 మొత్తం కార్డుకు మళ్లిస్తే నాలుగో నెలలో 60 బాకీ పూర్తిగా తీరిపోతుంది. వడ్డీగా పోయేది 4 పైచిలుకు. డిపాజిట్‌లోంచి తీసి ఒకేసారి కట్టేస్తే ఆ 4 మిగులుతుంది కదా అంటారేమో. జంట జీతాలున్న ఇంటికైతే నేనూ అదే చెబుతాను. మీ ఇంట్లో మాత్రం 175 కాస్తా 115 కావడం కంటే ఆ 4 వడ్డీ పోవడమే మేలు. షరతు ఒక్కటే, ఈ నాలుగు నెలలూ కార్డు బయటికి తీయకూడదు.

ఇప్పుడు మీ క్యాబినెట్ సంగతి. దీన్ని మానేయమని నేను చెప్పడం లేదు. చేతులతో ఒక వస్తువు తయారుచేసి, పిల్లవాడితో కలిసి ఆడుకోవడం మంచి కోరిక. మిగతా సరదాలకు లేని సౌలభ్యం కూడా దీనికి ఉంది, దీన్ని ముక్కలుముక్కలుగా చేసుకోవచ్చు. ఆట ఆడటానికి నిజంగా కావాల్సింది కంట్రోల్ ప్యానెల్. ఇద్దరికీ చెరో జాయ్‌స్టిక్, చెరో ఆరు బటన్లు, స్టార్టుకూ కాయిన్‌కూ నాలుగు కలిపితే మొత్తం 16 బటన్లు. అవి మీ దగ్గర ఉన్నాయి. ఒక చెక్క పెట్టె మీద వాటిని బిగించి, యూఎస్‌బీ ఎన్‌కోడర్‌కు (బటన్ల నొక్కుళ్లను కంప్యూటర్‌కు అందించే చిన్న బోర్డు) తీగలు కలిపి, ఇంట్లో ఉన్న కంప్యూటర్‌కో, టీవీకి కలిపిన రాస్ప్‌బెర్రీ పై బోర్డుకో తగిలిస్తే ఈ నెలలోనే ఆడొచ్చు. నిలువెత్తు పెట్టె, పైన పేరు పలకకు వెలుగిచ్చే మార్కీ లైటు, అంచులకు టీ మోల్డింగ్ అనే ప్లాస్టిక్ పట్టీ అన్నీ తర్వాత ఎప్పుడైనా వచ్చి చేరొచ్చు. అలాంటప్పుడు అప్పు చేసి అన్నీ ఒకేసారి తెచ్చుకోవాల్సిన అవసరం ఎక్కడుంది?

కొన్న బోర్డు కూడా మీకు తప్పనిసరి కాదు. 1980లో వచ్చిన ప్యాక్‌మ్యాన్ అసలు యంత్రం నడిచింది 3 మెగాహెర్ట్జ్ జెడ్80 ప్రాసెసర్ మీద. దాని తెర 224 బై 288 చుక్కలు. 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2 తెర కూడా 384 బై 224 చుక్కలే. మేమ్ లాంటి ఎమ్యులేటర్‌కు (పాత గేము యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్) అసలు యంత్రం కంటే ఎక్కువ శక్తి కావాలన్నది నిజమే అయినా, పదేళ్ల నాటి ల్యాప్‌టాప్ ఈ తరం ఆటలను హాయిగా ఆడిస్తుంది. తొంభైల చివర్లో వచ్చిన త్రీడీ గేములకు మాత్రం అది చాలకపోవచ్చు. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మూలన పడి ఉంటే దాన్నే వాడి, బోర్డు ఇంకా పెట్టెలోనే ఉంటే వాపసు ఇవ్వండి, లేదా అమ్మి వచ్చిన డబ్బు కార్డుకు కట్టండి.

మీ 80 అంచనాలో పెద్ద భాగం స్క్రీన్‌దే అయి ఉంటుంది. అంత చిన్న తెరల కోసం గీసిన బొమ్మలకు కొత్త పెద్ద స్క్రీన్ వల్ల కలిసొచ్చేది ఏమీ లేదు. ఆఫీసులు తీసేసే పాత 19 అంగుళాల ఎల్‌సీడీ మానిటర్లలో చాలావరకు 5:4 నిష్పత్తిలో, చదరానికి దగ్గరగా ఉంటాయి. ప్యాక్‌మ్యాన్ లాంటి నిలువు ఆటలు, స్ట్రీట్ ఫైటర్ లాంటి అడ్డం ఆటలు రెండూ వాటిలో పెద్దగా చోటు వృథా కాకుండా సరిపోతాయి. తెలిసినవాళ్లను అడిగితే చాలా తక్కువకే దొరుకుతాయి. రూటర్ (చెక్కకు గాడి కొట్టే యంత్రం), జిగ్‌సా (కరెంటు రంపం) లాంటి పనిముట్లు అరువు తెచ్చుకోవచ్చు, అద్దెకు తీసుకోవచ్చు. ఒక్క క్యాబినెట్ అంచుకు గాడి కొట్టడానికి రూటర్ కొనడం దండగ. ట్రాక్‌బాల్, లైట్ గన్, నలుగురు ఆడే ప్యానెల్ లాంటి ఆశలు ఏమైనా ఉంటే ఇప్పటికి పక్కన పెట్టండి.

ట్యూబ్ టీవీ విప్పొద్దు. పాత ఆర్కేడ్ యంత్రాల తెర అందం సీఆర్‌టీలోనే, అంటే ట్యూబ్ తెరలోనే ఉందని ఇష్టపడేవాళ్లు చెబుతారు, వాళ్ల మాట కాదనను. కానీ రంగుల పిక్చర్ ట్యూబులో 20,000 వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్ పీకేసిన తర్వాత కూడా ఆ ఛార్జి మిగిలి ఉండొచ్చు. దాన్ని సరిగ్గా డిశ్చార్జి చేయడం నేర్చుకున్న మెకానిక్ చేయాల్సిన పని అది. ఇంటికి ఆధారం మీరు ఒక్కరే, ఇంట్లో ఐదేళ్ల బాబు తిరుగుతుంటాడు. నాలుగు డబ్బులు మిగులుతాయని ఆ ప్రమాదం తెచ్చుకోకండి. ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన పలక) కోసేటప్పుడు మాస్కు కూడా పెట్టుకోండి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఇక ఇంకో రెండు చేసి అమ్మే ఆలోచన. అప్పు తీర్చే దారిగా దీన్ని నేను ఒప్పుకోను. లోన్ వాయిదా వచ్చే నెల నుంచే మొదలవుతుంది, క్యాబినెట్ ఎప్పుడు అమ్ముడుపోతుందో ఎవరికీ తెలియదు. ఆ రెండింటికీ మళ్లీ చెక్క, స్క్రీన్, బటన్లు ఎవరి డబ్బుతో కొంటారు? ఇంకో అప్పుతోనేగా. పైగా ఎమ్యులేటర్ వేరు, గేము వేరు. ప్యాక్‌మ్యాన్ హక్కులు బందాయ్ నామ్‌కోవి, డాంకీ కాంగ్ నింటెండోది, స్ట్రీట్ ఫైటర్ క్యాప్‌కామ్‌ది. వాళ్ల అనుమతి లేకుండా ఆ గేములు ఎక్కించి యంత్రాన్ని అమ్మితే కాపీరైట్ చిక్కుల్లో పడతారు. అమ్మాక కరెంటు షాక్ కొట్టిందనో పనిచేయడం లేదనో వచ్చే ఫిర్యాదులు సరేసరి. మీ స్నేహితుడికి అంత నమ్మకముంటే ఆ పెట్టుబడి ఆయన్నే పెట్టమనండి.

కార్డు తీరాక మీ నెల అవసరం 82 అవుతుంది. ఆరు నెలలకు 492 కావాలి, ఉన్నది 175. నెలకు మిగిలే 18లో 15 నిధికి, 3 క్యాబినెట్‌కు కేటాయించండి. ఆ లెక్కన నిధి నిండడానికి దాదాపు 21 నెలలు పడుతుంది. బోనస్ ఏదైనా వస్తే మొత్తం నిధికే వేయండి, గడువు తగ్గుతుంది. ఈ డబ్బు వేరే ఖాతాలో ఉండాలి, జీతం పడే ఖాతాలో వద్దు. షేర్లలో, ఈక్విటీ ఫండ్లలో కూడా వద్దు, అవి నిధి నిండాక చూసుకోవచ్చు. నెలకు 3 అంటే చిన్న మొత్తమే, కానీ ఈ నెల స్పీకర్లు, రెండు మూడు నెలలు కూడబెట్టి మానిటర్, ఆ తర్వాత పెయింటు, మోల్డింగ్ అంటూ పని ముందుకు నడుస్తుంది.

మీ ఆఫీసు ఇచ్చిన ఆరోగ్య బీమా మాత్రమే ఉంటే అది ఉద్యోగంతోపాటే పోతుంది, సొంతంగా కుటుంబమంతటికీ ఒకటి తీసుకోండి. టర్మ్ పాలసీ లేకపోతే అదీ వెంటనే తీసుకోండి. వీటి ప్రీమియం కోసం క్యాబినెట్ వాటా కొన్ని నెలలు ఆపాల్సి వస్తే ఆపండి.

చెక్క విషయంలో కూడా ఒక మాట. మీరు కోసినవి పక్క చెక్కలే కాబట్టి ఇప్పటికి ఇబ్బంది లేదు. క్యాబినెట్ వెడల్పును నిర్ణయించేది స్క్రీన్. అది చేతికొచ్చి, ఫ్రేముతో సహా కొలిచేదాకా ముందు పలకా, కంట్రోల్ ప్యానెల్ కూర్చునే అడుగు పలకా కోయకండి, లేదంటే అదే చెక్క రెండోసారి కొనాల్సి వస్తుంది.