కుందేలు చెవి ఎందుకు వాలిపోయింది?

ప్రశ్న: మోకాలి గుజ్జు (మృదులాస్థి) గురించి చదివినప్పుడల్లా ప్రొటియోగ్లైకాన్ అనే మాట తగులుతోంది. గుజ్జుకి సాగే గుణం ఇచ్చేది అదేనని ఒకచోట, సున్నం పట్టకుండా ఆపేది అదేనని మరోచోట ఉంది. ఒకే పదార్థం రెండు పనులెలా చేస్తుంది? చాలా ఎముకలు కూడా మొదట మృదులాస్థేనట, మరి అక్కడెందుకు ఆపలేకపోయింది?

జవాబు: ముందు కుందేళ్ల సంగతి చెప్తాను. 1956లో లూయిస్ థామస్ అనే అమెరికన్ డాక్టరు కుందేళ్ల రక్తంలోకి పపైన్ ఎక్కించాడు, అంటే బొప్పాయి పాలలో ఉండే ఎంజైమే. ఒక్క రోజు తిరిగేసరికి నిక్కబొడుచుకుని ఉండే చెవులు తడిగుడ్డల్లా వేలాడిపోయాయి, మళ్లీ కొద్ది రోజుల్లోనే వాటంతటవే లేచి నిలబడ్డాయి. చెవిని నిలబెట్టేదీ ఈ గుజ్జే. అందులో కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు అలాగే ఉన్నాయి. ఆ ఎంజైము కొరికేసింది ప్రొటియోగ్లైకాన్లని, అంటే చక్కెర గొలుసులు తగిలించుకున్న ప్రొటీన్లని.

గుజ్జులో వీటిలో పెద్దది అగ్రెకాన్. సీసాలు కడిగే బ్రష్‌ని తలుచుకోండి: మధ్యలో ప్రొటీన్ కాడ, దాని చుట్టూ సుమారు 100 కాండ్రాయిటిన్ సల్ఫేట్ గొలుసులు, ఇంకొన్ని కెరాటాన్ సల్ఫేట్‌వి. ఇలాంటి బ్రష్‌లు బోలెడు ఒక పొడవాటి హయలురోనిక్ ఆమ్లం దారానికి వేలాడుతుంటాయి. గొలుసుల నిండా రుణావేశమే, కాబట్టి అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ సోడియాన్ని, దాని వెంట నీళ్లని లాగుతాయి. ఉబ్బిపోదామని చూస్తాయి, కొల్లాజెన్ వల ఉబ్బనివ్వదు. గుజ్జు బిగువంతా ఈ పెనుగులాటలోనే ఉంది. అడుగు వేస్తే కొంత నీరు బయటికి, కాలెత్తితే మళ్లీ లోపలికి.

సున్నం సంగతికీ కారణం అదే ఆవేశం. కాల్షియం ధనావేశం కలది, గొలుసులు దాన్ని పట్టేసుకుంటాయి. ఫాస్ఫేట్‌తో కలిసి సున్నం స్ఫటికం కట్టాలంటే కాల్షియం విడిగా దొరకాలి కదా, పైగా ఆ ఇరుకులో స్ఫటికం పెరగడానికి చోటూ ఉండదు.

మరి పిల్లల ఎముకల చివర్లలో ఏమవుతుంది? అక్కడి మృదులాస్థి కణాలు ఉబ్బి, చిన్న చిన్న పొర సంచుల్ని వదులుతాయి (1967లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద వీటిని గుర్తించారు). మొదటి స్ఫటికం పుట్టేది ఆ సంచుల్లో, గొలుసుల చేతికి అందని చోట. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము పైరోఫాస్ఫేట్‌ని కూడా విరిచేస్తుంది, సున్నానికి అదీ ఒక అడ్డే మరి. అగ్రెకాన్ మొత్తం ఊడ్చుకుపోయాకే సున్నం పడుతుందని ఒకప్పుడు అనుకునేవారు గానీ, సున్నం పట్టిన మృదులాస్థిలో కూడా అది దొరుకుతూనే ఉంది. అందుకే నాకైతే దాన్ని ఉత్తి కాపలాదారు అనబుద్ధి కాదు, పట్టి ఉంచిన కాల్షియాన్ని అదను వచ్చినప్పుడు వదిలే కొట్టుగది కూడా అదేనంటే బాగుంటుంది.

పెద్దవాళ్ల మోకాలి గుజ్జులోనూ అడుగున, ఎముకకి అంటుకున్న పలుచని పొర సున్నం పట్టే ఉంటుంది. రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే ఆ పొరకీ పైన ఉన్న గుజ్జుకీ మధ్య సన్నటి గీత కనిపిస్తుంది, దాన్నే టైడ్‌మార్క్ అంటారు.