పుంకహర్యు: మోకాళ్ల నొప్పులున్న నాన్నతో వెళ్లొచ్చా?

హెల్సింకీ వచ్చిన అమ్మానాన్నలను ఫిన్లాండ్‌లోనే ఉన్న పుంకహర్యు గట్టు చూపించడానికి తీసుకెళ్లాలనుంది, నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, కొండ ఎక్కగలరా అని అడిగారు. ఎక్కాల్సిన కొండేమీ లేదండి. నేను ఒక జులైలో మావాళ్లను తీసుకెళ్లాను. దాన్ని చూడగానే మా నాన్న అన్న మొదటి మాట, "ఇది చెరువు కట్ట కదరా, తూమెక్కడ?"

నిజంగా అలాగే ఉంటుంది. అటూ ఇటూ సరస్సులు, మధ్యలో ఏడు కిలోమీటర్ల పొడవున సన్నటి గట్టు, దాని నిండా ఎత్తైన పైన్ చెట్లు. కొన్ని చోట్ల గట్టు మీద రోడ్డు పట్టేంత చోటే ఉంటుంది. మంచుయుగం చివర్లో, మంచు అడుగున సొరంగంలా పారిన ఏరు ఇసుక, గులకరాళ్లు తెచ్చి మేట వేసింది. మంచంతా కరిగిపోయాక ఆ మేటే గట్టుగా మిగిలింది. బాట పక్కన మట్టి జారిన చోట నాన్న ఒక రాయి తీసి అరచేతిలో తిప్పి చూశారు. కోడిగుడ్డులా నున్నగా ఉంది. "ఏటి రాయే" అని మళ్లీ అక్కడే పెట్టేశారు. అప్పటికింకా నేను ఈ కథ చెప్పనే లేదు!

మేం చేసిన పొరపాటు మీరు చేయకండి. ముందు కారులోనే ఆ చివరి దాకా వెళ్లిపోయాం. "దీనికా నాలుగు గంటలు కూర్చోబెట్టావు?" అంది అమ్మ. ఆ తర్వాత కారు పక్కన పెట్టి నడిచాం. సాయంత్రం ఒకవైపు నీళ్లు ఎండకి కళ్లు చెదిరేలా మెరుస్తుంటే, రెండోవైపు నీళ్లు చెట్ల నీడలో నల్లగా, కదలకుండా ఉన్నాయి. అమ్మ ఇక మాట్లాడలేదు. జులైలో రాత్రి పదింటికి కూడా వెలుగుంటుంది కాబట్టి తొందరేం ఉండదు.

మోకాళ్ల కోసం గట్టు మీది పాత రోడ్డు వెంబడే నడవండి. నీళ్ల దాకా దిగే బాటలు కొన్ని బాగా నిటారు. కారు లేకపోతే పరిక్కల స్టేషన్‌లో రైలు మారి లుస్తో స్టేషన్‌లో దిగొచ్చు, అటవీ మ్యూజియం అక్కడే. ఒకే రోజులో వెళ్లి రావడం మాత్రం పెద్దవాళ్లకి శిక్షే, రాత్రికి అక్కడే ఉండండి. పులిహోర కట్టుకెళ్లండి. దోమల మందు కూడా. మేం పులిహోర ఒక్కటే గుర్తుపెట్టుకున్నాం.