ఈవెంట్ల పనిలోకి రావాలా? ముందు ఎర్త్ వైరు చూడటం నేర్చుకో

డిగ్రీ అయిపోయింది, ఉత్సవాలు, స్టేజీ ప్రోగ్రాములు నడిపే పనిలోకి రావాలనుంది, ఈవెంట్ మేనేజ్‌మెంట్ కోర్సు చేస్తే సరిపోతుందా అని అడిగావు తమ్ముడూ. పద్దెనిమిదేళ్లుగా కోనసీమలో ఇదే నా పని. కోర్సు చేస్తే చెయ్యి, కరెంటు పని తెలియకుండా మాత్రం దిగకు.

ఒక కనుమ రోజు, జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసుకుని జనం ఇళ్లకు చేరాక, అంబాజీపేట దగ్గర ఓ ఊళ్లో బుర్రకథ పెట్టించాం. మంచు బాగా కురుస్తోంది, షామియానా గుడ్డ తడిసి చుక్కలు రాలుతున్నాయి. కథకుడు తంబురా భుజానేసుకుని మైకు దగ్గర నోరు పెట్టాడో లేదో, తల వెనక్కి లాక్కున్నాడు. జనం అదీ కథలోదే అనుకుని చప్పట్లు కొట్టారు. ఆయన పెదవి తడుముకోవడం నేను చూశాను. పక్కన గుమ్మెట వాయించే ఆయన, కాళ్ల కింద ఇనప ఫ్రేము కూడా జిల్లుమంటోందన్నాడు. వెంటనే జనరేటర్ ఆపించి టార్చి వేసి చూస్తే, జంక్షన్ బాక్సు తడి గడ్డిలో పడి ఉంది, లీకైన కరెంటును నేలలోకి పంపాల్సిన ఎర్త్ వైరేమో షామియానా వెదురు గుంజకు చుట్టి ఉంది! వెదురుకి కడితే అది ఎర్త్ ఎలా అవుతుంది?

కమిటీ పెద్దలు నా మీదకొచ్చారు. రాత్రి పదికి మైకు ఆపాలి, టైము పోతోందని వాళ్ల టెన్షన్. నేను కదల్లేదు. కాలువ గట్టున తడి నేలలో ఇనప రాడ్డు దిగ్గొట్టి, ఉప్పునీళ్లు పోసి, వైరు బిగించి, బాక్సు మార్చి, టెస్టర్ పెట్టి అంతా చూశాకే మైకు ఇచ్చాను. నలభై నిమిషాలు పట్టింది. అప్పట్నుంచి ఎవరి జనరేటరైనా సరే, నా ఈఎల్‌సీబీ, అంటే కరెంటు లీకైతే సప్లై కట్ చేసే స్విచ్చి, తగిలించందే స్టేజీ మీదకి ఎవరినీ ఎక్కనివ్వను. 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే చాలు, టక్కున పడిపోతుంది. సినిమా సెట్టింగులాంటి ఆర్చీలకు ధారాళంగా ఖర్చుపెట్టేవాళ్లు, ఈ చిన్న డబ్బా దగ్గరే బేరాలాడతారు.

డబ్బు మాటొచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను. డీజే బాక్సులకి అడిగినంతా ఇస్తారు, అదే బుర్రకథ వాళ్ల దగ్గరికొచ్చేసరికి "ఊరి దేవుడి పనండీ, కాస్త తగ్గించుకోండి" అంటారు. దేవుడి పని డీజేవాడికి వర్తించదా? గరగ నృత్యం వాళ్లకీ ఇదే వరస. అందుకే కళాకారుల డబ్బు మొత్తం వాళ్లు మేకప్ వేసుకోకముందే వాళ్ల చేతిలో పెట్టిస్తాను. ఈ ఒక్క పట్టుదల వల్ల రెండు ఊళ్ల కాంట్రాక్టులు పోయాయి, పోతే పోయాయి.

2027లో గోదావరి పుష్కరాలు, పన్నెండు రోజులు, పని బోలెడుంటుంది. అంతవరకూ ఆగక్కర్లేదు, సంక్రాంతికే మా కుర్రాళ్లతో రా. మొదటి రోజు మాత్రం స్టేజీ దగ్గర కాదు, జనరేటర్ పక్కన కూర్చోబెడతాను.