పగడాల తొట్టిలో నీటి జోరు

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. మా 240 లీటర్ల ఉప్పునీటి అక్వేరియంలో ఎడమ అద్దానికి గంటకు 8,000 లీటర్లు తోసే వేవ్‌మేకర్ (నీటిని కదిలించే పంపు) ఒక్కటే ఉంది. టార్చ్ కోరల్ (ఒక రాతి పగడం) చేతివేళ్లలాంటి మెత్తటి వేళ్లన్నీ ఒకే పక్కకి వాలిపోయాయి, ఒకచోట కండ ఊడి తెల్లటి ఎముక కనిపిస్తోంది. రాళ్ల వెనక ఇసుక మీదేమో ఎర్రటి జిగురు తెట్టు కడుతోంది. జోరు ఎక్కువైందా, తక్కువైందా?

జవాబు: టార్చ్ దగ్గర ఎక్కువైంది, రాళ్ల వెనక తక్కువైంది. మీ నీరు గంటకు 33 సార్లు తిరుగుతోంది. రకరకాల పగడాలున్న తొట్టికి 20 నుంచి 40 సార్లు చాలు కాబట్టి లెక్క బాగానే ఉంది, దిక్కే బాలేదు. ఎప్పుడూ ఒకే ధార తగులుతుంటే మెత్తటి కండ తన ఎముక పదునంచులకు ఒరుసుకుని చిరుగుతుంది. ధార అందని మూలల్లో మేత తునకలు, మురికి పేరుకుని సయనోబాక్టీరియా పెరుగుతుంది. మీరు చూస్తున్న ఎర్ర తెట్టు అదే.

ఆ పంపు తీసేసి గంటకు 4,000 లీటర్లవి రెండు, ఎదురెదురు అద్దాలకు, నీటి మట్టానికి 8 సెంటీమీటర్ల కింద బిగించండి. ఇంకా పైకి పెడితే గాలి పీల్చి బుడగలు కక్కుతాయి. మూతులు కాస్త ముందు అద్దం వైపు తిప్పితే రెండు ధారలూ ఢీకొని చెదురుతాయి. పగడాలకు కావలసింది ఆ చిందరవందర కదలికే. 30 శాతం వేగంతో మొదలుపెట్టి వారానికి 10 చొప్పున పెంచండి. టార్చ్ వేళ్లు ఊగి మళ్లీ నిలబడాలి; వంగినవి వంగినట్టే ఉంటే వేగం తగ్గించండి. ఇసుక లేచి పగడాల మీద పడుతున్నా అంతే. అక్రోపోరా (కొమ్మల్లా పెరిగే రాతి పగడం) ఉంటే జోరైన పైరాళ్ల మీద, టార్చ్ కింద, ధారకు పక్కగా.

చిటికెడు మేత వదిలి చూడండి, అది ఎక్కడ ఆగిపోతే అక్కడ నీరు కదలడం లేదన్నమాట. తెట్టును సన్నటి గొట్టంతో లాగేయండి. ప్రవాహం సరిచేయకుండా మందు వేస్తే మళ్లీ వస్తుంది. గాయం దగ్గర గోధుమరంగు జిగురు కనిపిస్తే ఆ పగడాన్ని వెంటనే వేరు చేయండి, ఆ జబ్బు పక్కవాటికి పాకుతుంది.

ప్రశ్న: కొత్తలో ఉన్న జోరు పంపుకు ఇప్పుడు లేదు. మార్చాలా?

జవాబు: ముందు కడగండి. కాల్షియం, ఊదారంగు నాచు రోటరుకు (పంపులో తిరిగే భాగానికి) పట్టేస్తాయి. వెనిగర్, నీరు సమపాళ్లలో కలిపి గంటసేపు నానబెట్టి, బ్రష్షుతో తోమి, మంచినీటితో కడిగి పెట్టండి. మూడు నెలలకోసారి ఈ పని తప్పదు.

ప్రశ్న: విశాఖలో మేమూ టార్చ్ కోరల్ పెంచవచ్చా?

జవాబు: వద్దు. రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో, అంటే గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితాలో ఉన్నాయి. సముద్రంలోంచి తీయడం, కొనడం, అమ్మడం నేరం.